రాకపోతే తెలిసే చోటు

2025 అక్టోబరులో ఉత్తర ఇంగ్లండులోని ఒక చిన్న ఊళ్లో మా అబ్బాయి ఇంట ఆరు వారాలు ఉన్నాను. వెళ్లిన రెండో రోజే మనవడు నా ముందు ఒక కోరిక పెట్టాడు. "తాతా, నువ్వొచ్చినప్పుడు మ్యాచికి తీసుకెళతానని నాన్న మాటిచ్చాడు" అన్నాడు. వాడికి పదేళ్లు. వాడి గది గోడ నిండా ఒక పెద్ద క్లబ్బు ఆటగాళ్ల బొమ్మలే. ఆ క్లబ్బు స్టేడియం ఇంటికి రైల్లో నలభై నిమిషాల దూరం. అయినా వాడు ఒక్కసారి కూడా దాని గేటు దాటి లోపలికి పోలేదు.

ఆ రాత్రి మా అబ్బాయి లెక్క వేశాడు. టిక్కెట్టు కొనాలంటే ముందు సభ్యత్వం కొనాలి. సభ్యత్వం ఉన్నంత మాత్రాన టిక్కెట్టు దొరుకుతుందన్న హామీ లేదు. దొరికితే ముగ్గురికీ టిక్కెట్లు, రైలు ఛార్జీలు, తిండి అన్నీ కలిపి దగ్గర దగ్గర మూడు వందల పౌండ్లు. మన డబ్బులో ముప్ఫై అయిదు వేల రూపాయలు. "ఒక్కసారికే కదా నాన్నా, పోదాం" అన్నాడు. నేను వద్దన్నాను. వద్దనడానికి కారణం డబ్బే. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. ఎందుకంటే తర్వాత నాకు తోచిన పెద్ద మాటలన్నీ ఈ చిన్న మాట మీదనే మొలిచాయి.

పక్కింట్లో డెబ్బై నాలుగేళ్ల పెద్దాయన ఉన్నారు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయినవారు. మా తర్జనభర్జన విని, "శనివారం నాతో రండి, మన ఊరి జట్టు ఆడుతోంది" అన్నారు. మనవడి మొహం చిన్నబోయింది. ఆ మైదానం వాడు బడికి పోయే దారిలోనే ఉంది. రోజూ కనిపించేదాని మీద ఎవరికి మోజుంటుంది?

ఆ దేశంలో పై నాలుగు అంతస్తుల్లో 92 క్లబ్బులు ఉంటాయి. వాటి కిందివాటన్నిటినీ కలిపి 'నాన్ లీగ్' అంటారు. లీగులు లేక కాదు. వాటికీ మెట్టు మీద మెట్టుగా లీగులున్నాయి. పూర్వం పై లీగుల్లో చేరాలంటే అందులో ఉన్న క్లబ్బులే ఓటు వేసి చేర్చుకోవాలి. 1987 నుంచి మాత్రం అయిదో అంతస్తులో గెలిచినవాళ్లకు నాలుగో అంతస్తులోకి నేరుగా దారి ఏర్పడింది. అంటే లెక్క ప్రకారం మా అబ్బాయి వాళ్ల ఊరి జట్టు కూడా ఏడాదికొక మెట్టు ఎక్కుతూ అన్నిటికన్నా పైకి చేరవచ్చు. చేరదని అక్కడ అందరికీ తెలుసు. కానీ దారి మూసి లేదన్నది వాళ్లకు పెద్ద విషయం.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆట. పెద్దలకు పది పౌండ్లు, మా వయసు వాళ్లకు ఆరు, పిల్లలకు రెండు. గేటు దగ్గర డబ్బు తీసుకుంటున్న ఆవిడ మా పక్కింటాయనను పేరు పెట్టి పలకరించి, మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగింది. లోపల ఒక పక్క కుర్చీలు వేసిన రేకుల షెడ్డు. మిగిలిన మూడు పక్కలా నడుమెత్తు కమ్మీ, దానికి ఆనుకుని నిలబడిన జనం. ఒకాయన తన కుక్కను కూడా తెచ్చుకున్నాడు. ఆటగాళ్లు రెండు బారల దూరంలో ఉంటారు. వాళ్ల ఆయాసం వినిపిస్తుంది, తిట్లు కూడా వినిపిస్తాయి. కుడి వైపు ఆడుతున్న కుర్రాడు వారమంతా ఇళ్లకు పార్సిళ్లు చేరవేసే పని చేస్తాడట. గోలు కాసేవాడు బడిలో పంతులు. సగం ఆట కాగానే జనంలో చాలామంది మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. తమ జట్టు ఇప్పుడు ఏ గోలు వైపు ఆడబోతోందో దాని వెనక నిలబడాలట. నంబరు వేసిన కుర్చీలున్న పెద్ద స్టేడియంలో ఇలా కదలడానికి వీలుండదు.

ఆట గొప్పగా ఉందని మాత్రం చెప్పను. బంతి చాలాసేపు గాలిలోనే ఉంది. రెండుసార్లు గోడ దాటి పక్క సందులో పడింది. టీవీలో చూసే ఆటకూ దీనికీ, కచేరీకీ పెరట్లో కూనిరాగానికీ ఉన్నంత తేడా. అయితే రెండో సగం నడుస్తుండగా మైకులో ఒక ప్రకటన వచ్చింది. ఈ రోజు ప్రేక్షకుల సంఖ్య 168, వచ్చినందుకు ధన్యవాదాలు అని. అంతవరకు మూతి ముడుచుకున్న మనవడు చటుక్కున నా వైపు తిరిగాడు. "తాతా, ఆ 168లో మనం కూడా ఉన్నాం కదా?" అన్నాడు.

ఉన్నాం. నలుగురం.

ఇంటికి వచ్చాక ఒక ప్రశ్న పట్టుకుంది. శ్రేష్ఠమైనది ఒకటి కళ్ల ముందు ఉండగా, అంత శ్రేష్ఠం కానిదాన్ని ఎంచుకోవడంలో మంచి ఏమైనా ఉందా? లేక అది అందని ద్రాక్ష పుల్లన అనుకోవడమేనా?

జవాబు వెతికే ముందు ఆ ద్రాక్ష ఎందుకు అందకుండా పోయిందో కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో ఫుట్‌బాలు చాలాకాలం కూలిజనం ఆట. శనివారం ఒంటిపూట దాకా మిల్లులోనో గనిలోనో పనిచేసి, అటునుంచి అటే మైదానానికి పోయి, నిలబడి చూసే ఆట. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో స్టేడియంలో, నిలబడి చూసే చోట జనం ఒకరి మీద ఒకరు పడి నలిగిపోయారు. ఆ దుర్ఘటనకు మొత్తం 97 మంది బలయ్యారు. ఆ గాయాలతోనే బతుకీడ్చిన ఆఖరి మనిషి 2021లో చనిపోయాడు. దాని మీద విచారణ జరిపిన జస్టిస్ టేలర్ 1990 జనవరిలో నివేదిక ఇస్తూ, పెద్ద స్టేడియాలన్నిటిలో నిలబడే చోట్లు తీసేసి కుర్చీలు వేయాలని చెప్పారు. అదే నివేదికలో ఆయన, నిలబడి చూసే మనిషి జేబుకు తగ్గ ధర కుర్చీకి కూడా పెట్టవచ్చునని, గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియంలో ఆరు పౌండ్లకే కుర్చీ ఇస్తున్నారని ఉదాహరణ చూపించారు. కుర్చీలు వచ్చాయి. ఆ ధర మాత్రం నిలవలేదు.

1992లో పై అంతస్తు క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగ్ అనే కొత్త ఏర్పాటు చేసుకున్నాయి. టీవీ హక్కుల కింద అయిదేళ్లకు 30 కోట్ల 40 లక్షల పౌండ్లు అన్నది అప్పట్లో పెద్ద వార్త. 2025 నుంచి 2029 వరకు నాలుగేళ్లకు, ఒక్క బ్రిటన్ ప్రసారాలకే, ఆ మొత్తం 670 కోట్ల పౌండ్లు. ఇంత డబ్బు టీవీ నుంచి వస్తున్నప్పుడు గేటు దగ్గర ధర తగ్గాలి కదా అని మనం అనుకుంటాం. పెరిగింది. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ మైదానంలో వేలమంది అభిమానులు ఆట 77వ నిమిషంలో లేచి బయటికి నడిచారు. కారణం, మరుసటి ఏటి నుంచి ఒక రకం టిక్కెట్టు 77 పౌండ్లు చేస్తామని క్లబ్బు ప్రకటించడం. కొద్ది రోజుల్లోనే క్లబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఏడాదే పరాయి ఊరి జట్టుతో కూడా వచ్చే అభిమానుల టిక్కెట్టు 30 పౌండ్లు మించరాదని క్లబ్బులన్నీ కట్టుబాటు చేసుకున్నాయి. అయినా 2024 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు ఆ సీజనులో మిగిలిన టిక్కెట్లను పిల్లలకూ ముసలివాళ్లకూ రాయితీ లేకుండా 66 పౌండ్లు చేసింది.

ఇందులో క్లబ్బుల వాదం కూడా వినాలి. స్టేడియంలో కుర్చీలు కొన్ని వేలు. రావాలనుకునేవాళ్లు లక్షలు. ధర ఎంత తగ్గించినా చాలామందికి దొరకదు. చౌకగా ఇస్తే మధ్యలో దళారి కొని ఎక్కువకు అమ్ముకుంటాడు. ఎలాగూ కొందరిని బయట నిలబెట్టక తప్పనప్పుడు, ధరతో నిలబెడితే తప్పేమిటి అంటారు. ఈ వాదం విన్నప్పుడు నాకు మా చిన్నతనంలో సినిమా హాళ్ల ముందు క్యూలు గుర్తొచ్చాయి. క్యూ కూడా కొందరిని వెనక్కి పంపుతుంది. కానీ క్యూ మనిషిని అడిగేది ఓపిక. అది బీదవాడి దగ్గర కూడా ఉంటుంది. ధర అడిగేది అతని దగ్గర లేనిదాన్ని. ఇద్దరినీ బయటే నిలబెట్టినా రెండూ ఒకటి కావు.

సరే, ధర అన్యాయమే అనుకుందాం. అంతమాత్రాన చిన్న మైదానానికి పోవడం ధర్మం అయిపోతుందా? చౌకగా దొరికేది కొనుక్కోవడం తెలివి కావచ్చు, ధర్మం కాదు. చౌకదనం ఒక్కటే కారణమైతే, రేపు నా చేతిలో డబ్బు పడగానే నేను పెద్ద స్టేడియానికే పోతాను. కనుక ఆ కారణం నిలవదు.

చిన్నవాటిలో కల్మషం ఉండదు, డబ్బు జబ్బు అంటలేదు అనేవాళ్లున్నారు. ఇది కూడా నిలవదు. అక్కడ కూడా తాహతుకు మించి ఆటగాళ్లకు డబ్బులిచ్చి అప్పులపాలయిన క్లబ్బులున్నాయి. రిఫరీని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లున్నారు. 2005లో ఒక అమెరికన్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను కొనుక్కున్నప్పుడు, అది సహించలేని కొందరు అభిమానులు బయటికి వచ్చి ఎఫ్.సి. యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అనే సొంత క్లబ్బు పెట్టుకున్నారు. సభ్యుడికొక ఓటు, ఎంత డబ్బిచ్చినా రెండో ఓటు లేదు. పదో అంతస్తు నుంచి మొదలుపెట్టి, పదేళ్లు అద్దె మైదానాల్లో ఆడి, 2015లో సొంత మైదానం కట్టుకున్నారు. మైదానం కట్టుకున్న మరుసటి ఏడే సభ్యులకూ నిర్వాహకులకూ మధ్య గొడవలు రేగి కొందరు నిర్వాహకులు తప్పుకున్నారు. మన సంఘాల్లో పనిచేసినవాళ్లెవరికీ ఇది వింతగా తోచదు. మనుషులున్నచోట మనుషుల గుణాలుంటాయి. చిన్నది కాబట్టి మంచిదని నమ్మి వెళ్లినవాడు మొదటి గొడవకే ఇంటికి వచ్చేస్తాడు.

మరి శ్రేష్ఠత మాటేమిటి? ఇది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. బాగా ఆడేవాడి ఆట చూడడం ఒక భాగ్యం. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం అసూయ. మా పక్కింటాయనకు కూడా ఆ అసూయ లేదు. ఆయన ఇంట్లో పెద్ద క్లబ్బు ఆటను టీవీలో చూస్తారు, మంచి గోలు పడితే చేతులు చరుస్తారు. ఆ క్లబ్బు మైదానానికి ఆయన తండ్రి వేలు పట్టుకుని పోయేవారట. 1990ల చివర్లో ధర అందక మానేశారు. మానేసిన తర్వాత రెండేళ్లు శనివారాలు ఏం చేయాలో తోచలేదని, తోట పని కల్పించుకున్నానని చెప్పారు. తర్వాత ఒక రోజు వర్షంలో కుక్కను తిప్పుతూ ఈ మైదానం పక్కగా పోతుంటే, లోపల ఎవరో జెండాలు పాతడానికి ఒక మనిషి కావాలని కేకేశారట. అప్పటి నుంచి అక్కడే.

ఆయనతో మాట్లాడుతుంటే నాకొక సంగతి తెలిసింది. ఆ దేశంలో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఫుట్‌బాలు ఆటలేవీ టీవీలో ప్రత్యక్షంగా చూపించరు. 1960ల నుంచి వస్తున్న కట్టుబాటు. పెద్ద క్లబ్బు ఆట ఇంట్లోనే కనిపిస్తే చిన్న మైదానాలకు జనం రారని దాని ఉద్దేశం. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మేము ఆ చిన్న మైదానంలో నిలబడిన వేళకు బెంగుళూరులో రాత్రి ఏడున్నర. మా తమ్ముడి కొడుకు సోఫాలో కూర్చుని, మా అబ్బాయి ఇంటికి నలభై నిమిషాల దూరంలో జరుగుతున్న పెద్ద ఆటను హాయిగా చూస్తూ నాకు సందేశాలు పంపుతున్నాడు. ఆ స్టేడియం నీడలో ఇల్లున్నవాడికి కనిపించనిది ఏడెనిమిది వేల కిలోమీటర్ల అవతల వాడికి కనిపిస్తోంది. అయినా మా పక్కింటాయనకు ఆ కట్టుబాటు మీద కోపం లేదు. వారానికి రెండున్నర గంటలు ఒక దేశం దేశమే శ్రేష్ఠమైనదానికి తెర దించి, చిన్నదానికి ఊపిరి తీసుకోనిస్తోంది. అది ఇప్పుడు పనిచేస్తోందా లేదా అని వాళ్లలో వాదాలున్నాయి. కానీ ఆ కట్టుబాటు వెనక ఉన్న ఆలోచన నన్ను పట్టుకుంది.

చూడడం వేరు, వెళ్లడం వేరు. శ్రేష్ఠమైనదాన్ని చూడడానికి ఈ రోజుల్లో నేను ఎక్కడికీ పోనక్కర లేదు. అది నా ఇంటికే వస్తుంది. నేను చూసినా చూడకపోయినా దానికి తేడా లేదు. పెద్ద స్టేడియంలో నేను వదులుకున్న కుర్చీ చల్లబడకముందే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. అక్కడ నాకు విలువ లేదని కాదు. నా విలువకు సరిసమానమైన మనిషి నా వెనకే వరుసలో ఉన్నాడు. చిన్న మైదానంలో నా వెనక ఎవరూ లేరు. పక్కింటాయన రాని రోజు జెండాలు పాతేవాడు లేడు. టీ కాచే ఆవిడకు జబ్బు చేస్తే ఆ రోజు టీ లేదు. 168 మందిలో నలుగురు తగ్గితే 164 అని మైకులో చదువుతారు.

నాకు తోచిన జవాబు ఇది. మనం ఎవరికి, దేనికి బాధ్యులం అన్న ప్రశ్నకు అది ఎంత గొప్పదన్నది కొలత కాదు. నేను లేకపోతే నా పని ఇంకెవరైనా చేస్తారా అన్నది కొలత. గొప్పదానికి మెచ్చుకోలు చెల్లుతుంది. బాధ్యత మాత్రం మనం రాకపోతే తెలిసే చోట పుడుతుంది.

ఇది ఒక రకం అహంకారం కాదా అని నన్ను నేనే అడిగాను. పెద్ద ఊళ్లో లెక్కకు రానివాడు చిన్న ఊళ్లో పెద్దమనిషి కావాలనుకున్నట్టు కాదా? అలాంటివాళ్లు కూడా ఉంటారు. వాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. ఫొటో తీసే వేళకు ముందుంటారు. మా పక్కింటాయన ఆట అయిపోయి జనం వెళ్లాక చీపురు పట్టుకుని షెడ్డు ఊడ్చారు. అప్పుడు అక్కడ చూసేవాళ్లు లేరు. తనను నలుగురూ చూడాలనుకోవడం వేరు, తన అవసరం ఉన్నచోట ఉండడం వేరు. మొదటిదానికి జనం కావాలి. రెండోదానికి పని ఉంటే చాలు.

పోనీ, చచ్చిపోతున్న ప్రతి చిన్నదానికీ మనం బాధ్యులమా? అలా అయితే బతకలేం. అన్ని మైదానాలకూ ఎవరూ పోలేరు. కానీ ఒక్కదానికి పోగలరు. అది ఏది అన్నదానికి కూడా పెద్ద శోధన అక్కర లేదు. నడిచి పోగలిగిన దూరంలో ఉన్నది. పొరుగువాణ్ణి మనం గుణాలు చూసి ఎంచుకోము. పక్కింట్లో ఉన్నాడు కాబట్టి అతను మన పొరుగువాడు, అంతే.

చట్టం చేతుల్లో ఉన్నదే అసలు ఆస్తి అనుకునేవాళ్లకు లండన్‌లోని వింబుల్డన్ కథ చెప్పాలి. ఆ ఊరి క్లబ్బును సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించుకుపోవడానికి యజమానులకు 2002 మే నెలలో అనుమతి వచ్చింది. అనుమతిచ్చిన సంఘం, అభిమానులు కొత్త క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాలు విశాల ప్రయోజనాలకు మంచిది కాదని కూడా రాసింది. కొద్ది వారాలకే అభిమానులు వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో, రాగలిగినవాళ్లందరినీ రమ్మని పిలిచి ఆటగాళ్లను ఎంచుకున్నారు. తొమ్మిదో అంతస్తు నుంచి ఆడడం మొదలుపెట్టి 2011లో నాలుగో అంతస్తుకు చేరారు. 2020 నవంబరులో తమ పాత వీధికే, ప్లవ్ లేన్‌కే, కొత్త మైదానంతో తిరిగి వచ్చారు. ఇంతకూ అసలు వింబుల్డన్ క్లబ్బు ఏది? కాగితాల ప్రకారం, లీగులో చోటు, ఆటగాళ్ల ఒప్పందాలు అన్నీ మిల్టన్ కీన్స్‌కు పోయాయి. కానీ 2007లో ఆ క్లబ్బే వింబుల్డన్ గెలిచిన బహుమతుల జ్ఞాపకాలను వింబుల్డన్ ఉన్న స్థానిక పురపాలక సంఘానికి అప్పగించింది. అంటే కాగితం తీసుకుపోయినవాళ్లు కూడా జ్ఞాపకం తమది కాదని ఒప్పుకున్నారు. జ్ఞాపకం వర్షంలో వచ్చి నిలబడ్డవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఇక్కడితో ఆపితే ఇది పరదేశపు ముచ్చటగా మిగిలేది. కానీ నాకు నిద్ర పట్టనీయనిది వేరే ఉంది. అది కూడా చెప్పాలి.

బెంగుళూరులో మా పేటలో ఒక తెలుగు పఠనమందిరం ఉండేది. మా తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్లు పెట్టుకున్నది. రెండు గదులు, నాలుగు బీరువాలు, ఒక పొడవు బల్ల. నెలకొకసారి ఎవరో ఒకరు ఏదో ఒకటి చదివేవారు. చాలాసార్లు బాగుండేది కాదు. పద్యం పాడేవాడికి శృతి కుదిరేది కాదు. నాటకం వేస్తే సగం సంభాషణలు తెర వెనక నుంచే అందించాలి. వాళ్ల తెలుగులో కన్నడం కలిసేది, నా తెలుగులో కలిసినట్టే. 1995లో తెలుగు ఉపగ్రహ ఛానళ్లు మా ఇంటికి వచ్చాయి. మంచి పాట, మంచి మాట, మంచి నటన, అన్నీ ఇంటి నడిమింట్లోకి. నేను మందిరానికి పోవడం తగ్గించాను. తర్వాత మానేశాను. ఎవరి మీదా కోపం లేదు. అక్కడ దొరికేదానికన్నా శ్రేష్ఠమైనది ఇంట్లో దొరుకుతోంది, అంతే. నాలాగే ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. తాళం చెవి పెట్టుకున్న పెద్దాయన ప్రతి ఆదివారం తలుపు తీసి సాయంత్రం దాకా కూర్చుని వేసుకునేవారట. దారిలో కనిపిస్తే, "బాగున్నావా నాయనా" అనేవారే గాని ఎందుకు రావడం లేదని ఒక్కనాడూ అడగలేదు. ఆయన పోయాక బీరువాల్లోని పుస్తకాలు ఏమయ్యాయో నాకు తెలియదు. నేను కనుక్కోలేదు.

ఇంగ్లండు ఫుట్‌బాలుకూ మన పఠనమందిరానికీ పోలిక అన్నివిధాలా కుదరదు. వాళ్ల చిన్న మైదానం మూతపడినా వాళ్ల ఆట చావదు. మన విషయంలో అంత ధీమా లేదు. మన పిల్లలు బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదువుతారు. అది తప్పు కాదు, బతికే చోట మాట నేర్చుకోవాల్సిందే. తెలుగు మాత్రం మనం కలుసుకునే చోట్ల వల్లనే మన మధ్య ఉంటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకడు సభకు పోకపోతే ఆ సభ ఆగదు. మన పేటలో ఆగుతుంది. మా ఇంటికి వచ్చిన శ్రేష్ఠమైన తెలుగు నన్ను శ్రోతను చేసింది. శృతి కుదరని ఆ పద్యం నన్ను సభ్యుణ్ణి చేసి ఉండేది. ఇది నాకు ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా, అదీ పరాయి దేశంలో, ఫుట్‌బాలు మైదానంలో తెలిసింది.

శ్రేష్ఠమైనదాన్ని వదులుకోమని నేను చెప్పడం లేదు. నేను ఇప్పటికీ టీవీలో మంచి పాట వస్తే వింటాను. పెద్ద క్లబ్బు ఆట వస్తే మా తమ్ముడి కొడుకుతో కలిసి చూస్తాను. మనవడి గోడ మీది బొమ్మలు ఎవరూ తీయలేదు, తీయనక్కర లేదు. నేను చేసిన తప్పు మంచిని చూడడం కాదు. చూడడం చాలునని అనుకోవడం.

ఆ రోజు ఆట ఏమైందో చెప్పలేదు. మన ఊరి జట్టు ఒకటికి రెండు గోల్స్ తేడాతో ఓడిపోయింది. 'మన' అని నేను అప్పుడే అనడం మొదలుపెట్టాను. గేటు దగ్గర ఆవిడ మనవడితో, "మంగళవారం రాత్రి ఇంకో ఆట ఉంది, వస్తావా?" అని అడిగింది. వాడు వాళ్ల నాన్న మొహం చూసి, బడి ఉందన్నాడు. కానీ ఆ తర్వాతి శనివారం వాడే నన్ను తొందరపెట్టి బయలుదేరదీశాడు. నేను తిరిగి వచ్చేలోగా నాలుగు ఆటలు చూశాం. మూడింట్లో ఓడారు.

ఇప్పుడు మా అబ్బాయి శనివారం రాత్రి ఫోను చేసినప్పుడు పెద్ద క్లబ్బు సంగతి చెప్పడు. అది నాకు ముందే తెలిసి ఉంటుందని వాడికి తెలుసు. ఊరి జట్టు ఎన్ని గోల్స్ వేసింది, ఎంతమంది వచ్చారు, పక్కింటాయన మోకాలు ఎలా ఉంది, ఇవి చెబుతాడు.

మా పేటకు రెండు మైళ్ల దూరంలో ఒక పాత బడి గదిలో నెలకొకసారి కొందరు తెలుగువాళ్లు కలుస్తున్నారని డిసెంబరులో తెలిసింది. వెళ్లాను. ఎవరో తమ కథ చదివారు. అంత బాగా లేదు. చదవడం అయ్యాక కుర్చీలు మడిచి గోడకు ఆనించాలి. అందులో ఒక చెయ్యి వేశాను. నేను వెళ్లిన రోజు పదకొండు మందిమి. వెళ్లకపోతే పది మంది.